ముప్పై హుక్కుల జైలు

శ్రావణమాసం, పెళ్ళిళ్ళ గిరాకీ. పొద్దున పదకొండు దాటింది. కటింగ్ బల్ల మీద లైనింగ్ గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర ఎత్తాను. బొటనవేలు కదిలిందో లేదో, మణికట్టు పక్కన కాల్చిన సూది దించినట్టు చురుక్కుమంది. కత్తెర జారి నా పాదానికి బెత్తెడు దూరంలో పడింది. ఇరవై ఆరేళ్ళలో కత్తెర నా చేతిలోంచి జారడం అదే మొదటిసారి.

నాది ఉప్పుగూడ. స్టేషన్ దగ్గరి గల్లీలో మా ఇంటి ముందు గదే నా దుకాణం. బ్లౌజులు కుడతాను. కుట్టేవాళ్ళు మా గల్లీలో ఇంకా నలుగురున్నారు, కానీ గుడ్డ కత్తిరించడం వేరే విద్య. మా పనిలో కత్తిరించే మనిషినే మాస్టర్ అంటారు. ఎంత బాగా కుట్టినా, కత్తెర పట్టనివాళ్ళు మాస్టర్ కారు. నన్ను అందరూ మాస్టరమ్మ అంటారు. నా పేరు పద్మ అని మా గల్లీలో సగం మందికి తెలియదు. ఆ పిలుపు మీద నాకెంత మమకారమో, అది పోయేదాకా వచ్చినప్పుడే తెలిసింది.

ఈ జబ్బు పడ్డవాళ్ళు, పడబోయేవాళ్ళు చదువుతారని రాస్తున్నాను. శాంతంగా రాయలేను. నా బొటనవేలిని తిన్న ఆ ఫోను మీద నాకు ఇప్పటికీ పగే. ముందే చెప్తున్నాను, క్షమించే కథ కాదిది.

నొప్పి మొదలయ్యాక రెండు వారాలు బామ్ రాశాను. వేడినీళ్ళలో ముంచాను. మా ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. "పని ఎక్కువైంది నీకు, జర రెస్ట్ తీస్కో" అన్నాడు. రెస్ట్ తీసుకున్నాను. రెస్ట్ అంటే నాకు ఏం తెలుసు? గోడకు ఆనుకుని కూర్చుని ఫోను చూడడమే. బ్లౌజుల వీపు డిజైన్లు చూద్దామని మొదలుపెట్టిన అలవాటు అది. డిజైన్ తర్వాత వంట, వంట తర్వాత ఎవరిదో ఇంటి లొల్లి, లొల్లి తర్వాత కుక్కపిల్ల. బొటనవేలు పైకి తోస్తూనే ఉండేది. నొప్పి తగ్గాలని కూర్చుని నొప్పినే తోముతున్నానని అప్పుడు తెలియలేదు.

తర్వాత పహిల్వాన్ దవాఖానకు వెళ్ళాను. మా పాతబస్తీలో ఎముక విరిగినా, నరం పట్టినా ముందు పహిల్వాన్ దగ్గరికే పోతాం. ఆయన చెయ్యి ఇటు తిప్పి, అటు గుంజి, లేపనం పూసి గట్టిగా కట్టు కట్టాడు. మూడు రోజులకు మణికట్టు వాచి గాజు ఎక్కలేదు. అప్పుడు మా ఆయనను వెంటబెట్టుకుని పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ ఎక్స్‌రే కూడా చూడకముందే, "బొటనవేలు లోపల పెట్టి పిడికిలి పట్టుండ్రి. ఇప్పుడు చెయ్యి కిందికి వంచుండ్రి" అంది. వంచాను. నా అరుపుకు బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు లేచి చూశారట. డాక్టరమ్మ పక్కనున్న జూనియర్‌తో "ఫింకెల్‌స్టైన్ పాజిటివ్" అంది. ఆ పరీక్ష పేరట అది. జబ్బు పేరు డీ క్వెర్వేన్స్ టీనోసైనోవైటిస్. బొటనవేలిని కదిపే తాడు లాంటి టెండన్ మణికట్టు దగ్గర ఒక గొట్టంలోంచి పోతుందట. ఆ గొట్టం వాచి టెండన్‌ను బిగించేసిందట.

"ఏం పని చేస్తరు?"

"టైలర్‌ను మేడం. కత్తెర పని."

"ఎన్నేండ్ల నుంచి?"

"ఇరవై ఆరేండ్లు."

"మరి ఇరవై ఆరేండ్లల్ల రానిది ఇప్పుడెందుకొచ్చింది? ఫోన్ ఎంతసేపు చూస్తరు?"

"గంట" అన్నాను. మా ఆయన గోడ వైపు తిరిగాడు. డాక్టరమ్మ నా ఫోను తీసుకుని ఏదో నొక్కి నా ముందు పెట్టింది. ముందురోజు ఒక్కరోజే ఏడు గంటల చిల్లర చూశానని అందులో ఉంది. ఎవరో నా చీర కొంగు లాగినట్టయింది. సిగ్గు కన్నా కోపం ఎక్కువొచ్చింది. నా చేతిలో ఉండి, నా కరెంటు తాగి, నా మీదే డాక్టరుకు చాడీ చెప్పింది ఆ దొంగముండ.

బొటనవేలికి స్ప్లింట్ వేశారు. మాత్రలు రాశారు. నాలుగు వారాలు కత్తెర ముట్టొద్దన్నారు. "ఫోన్ కూడా" అంది డాక్టరమ్మ. తలూపాను.

గిరాకీ వదులుకోలేక మా ఆయనకు తెలిసిన యాదగిరిని పిలిపించాము. యాదగిరికి ముప్పై ఐదేళ్ళుంటాయి. ఇంకో దుకాణంలో కటింగ్ చేస్తాడు. రోజూ మధ్యాహ్నం మా దగ్గరికొచ్చి మూడు గంటలు కత్తిరించిపోవాలని, ముక్కలు గల్లీలో కుట్టేవాళ్ళకు ఇవ్వాలని మాట. వచ్చిన మొదటి రోజే నా బల్ల మీద నా సుద్దముక్కలు పక్కకు తోసి తన డబ్బా పెట్టుకున్నాడు. చెయ్యి మంచిదే, కాదనను. కానీ కత్తిరిస్తూ ఈలవేస్తాడు. నన్ను "అక్కా" అంటాడు. వారం తిరక్కముందే గిరాకీలు గుమ్మంలోంచి "మాస్టర్ ఉన్నడా?" అని అడగడం మొదలైంది. నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను. కుడిచేతికి స్ప్లింట్, ఎడమచేతిలో ఫోను.

అవును, ఎడమచేతిలో. జబ్బు కుడి బొటనవేలిదే కదా, ఎడమది ఖాళీగానే ఉంది కదా అని నా లెక్క. పని లేదు, మనసు బాగాలేదు, ఎదురుగా వాడి ఈల. పొద్దంతా ఎడమచేత్తో తోసేదాన్ని. మా ఆయన "ఏందే, ఫోన్ తోని పెండ్లైనట్టు చేస్తవ్" అనేవాడు. విని తోసేదాన్ని.

మూడో వారంలో అసలు దెబ్బ తగిలింది. మాదన్నపేట నుంచి సువర్ణమ్మ అనే ఆవిడ, ఉల్లిగడ్డల హోల్‌సేల్ వాళ్ళు, తన అత్తగారి పెళ్ళి చీర కొంగు తెచ్చి బిడ్డకు బ్లౌజు కుట్టమంది. పాత జరీ. గుడ్డ బొటాబొటి. అలాంటి గుడ్డను మడతపెట్టి రెండు ముందు భాగాలు ఒకేసారి తియ్యలేం. ఒక్కొక్కటిగా కత్తిరించాలి. మొదటిది తీశాక నమూనా కాగితాన్ని బోర్లించి రెండోది తియ్యాలి. లేకపోతే రెండూ కుడివైపువే వస్తాయి, జరీ గుడ్డను తిరగేసి వాడలేం. నిన్నమొన్న నేర్చుకున్న పిల్లలు చేసే తప్పు అది.

ఆ రోజు యాదగిరి ఆలస్యంగా వస్తానన్నాడు. వాడు లేని బల్ల చూడగానే నాకు ఆశ పుట్టింది. స్ప్లింట్ విప్పాను. ఫోనును సుద్ద డబ్బాకు ఆనించి, ఏదో నడుస్తుంటే ఒక కన్ను అటేసి, కత్తెర పట్టాను. నొప్పి ఓర్చుకుంటూ రెండు ముక్కలూ కత్తిరించాను. పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ కుడివే.

ముక్కలు అటూ ఇటూ మార్చి మళ్ళీ పెట్టి చూశాను. సరిగ్గా అప్పుడే సువర్ణమ్మ బిడ్డతో వచ్చింది. ఆవిడ ముక్కలు చూసి, ఫోను చూసి, నన్ను చూసింది. "మా అత్త లేదు, ఆ చీర మళ్ల రాదు. బొమ్మలు సూసుకుంట కోసినవా పద్మా?" అంది. మాస్టరమ్మ అనలేదు. పద్మా అంది. ఆ పేరు ఆవిడకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

యాదగిరి వచ్చాడు. రెండు నిమిషాలు చూశాడు. మోచేతి దాకా అనుకున్న చేతులను కురచ చేసి, ఆ గుడ్డలోంచి ఎడమ భాగం తీశాడు. అతుకు చంక కింద దాచాడు. ఈలవేస్తూనే. సువర్ణమ్మ పోతూపోతూ "మాస్టర్ ఉన్నడు గనుక బతికినం" అని వాడితో చెప్పింది. వాడు నా వైపు చూసి "అక్కా, ఫికర్ జెయ్యకు, నేనున్న కదా" అన్నాడు.

నాకు కడుపు మండిపోయింది. నేనున్న కదా అట! నా బల్ల, నా దుకాణం, నా ఇరవై ఆరేళ్ళు. వాడి మీద అరవలేను, వాడు నా పరువు కాపాడాడు. ఆ కోపమంతా ఫోను మీదికి మళ్ళింది. నా కుర్చీలోంచి నన్ను లేపి వాడిని కూర్చోబెట్టింది అదే. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, దీని పని పడతానని.

పట్టడం అంత సులువు కాలేదు. ఆ వారంలోనే ఎడమ మణికట్టు కూడా అంటుకుంది. డాక్టరమ్మ చూసి తల పట్టుకుంది. "కుడికి రెస్ట్ ఇమ్మంటే ఎడమను నాశనం చేసినవా? ఇగ మూడో చెయ్యేదమ్మా?" కుడి మణికట్టులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చింది. ఎడమకు స్ప్లింట్. "ఈసారి తగ్గకపోతే సర్జరీ. సర్జరీ చేసినా నువ్వు మళ్ళ ఫోన్ పడితే అది ఉత్తదే. టెండన్‌కు మందు రాస్త. అలవాటుకు నేను రాయలేను" అంది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మాత్రం ఒక మాట చెప్పింది. "ఫోన్ అందే దూరంల ఉంటే చెయ్యి పోనే పోతది ఆంటీ. తీయనీకి కష్టమయ్యేటట్టు చెయ్యుండ్రి."

కాల్స్ కోసం చిన్న బటన్ల ఫోను కొన్నాను. పెద్దదాన్ని బియ్యం డబ్బాలో పూడ్చాను. మొదటి రోజే పదకొండు సార్లు బియ్యంలో చెయ్యి పెట్టాను. ఛార్జింగ్ రంధ్రంలో నూకలు ఇరికాయి. తర్వాత మా ఆయన చేతికిచ్చి ఎంత అడిగినా ఇవ్వొద్దన్నాను. రెండో రోజు సాయంత్రం నేను ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఏడ్వకే, గింత దానికి ఏడుస్తరా, తీస్కో" అని ఇచ్చేశాడు. వస్తున్న కోపానికి సుత్తె తీసుకుని దాన్ని పగలగొడదామని కూడా బల్ల మీద పెట్టాను.

అప్పుడు షహనాజ్ ఆపా ఆపింది. ఆపా అంటే అక్క. హుస్సేనీ ఆలంలో ఉంటుంది. బురఖాలు కుడుతుంది. రోజు విడిచి రోజు వచ్చి మా బ్లౌజులకు హుక్కులు, కాజాలు, అంచులు మడిచి కుట్టే తురపాయి చేసిపోతుంది. పాన్ నములుతూ నన్నూ సుత్తెనూ చూసి, "దుష్మన్ కూ మారో నక్కో పద్మా, సతావ్" అంది. శత్రువును చంపకు, సతాయించు. "ఇది పగిలితే నీ మొగుడు రేపు కొత్తది తెస్తడు. దీన్ని జైల్ల వేద్దాం."

ఆ మాట నాకు ప్రాణం పోసింది. ఇద్దరం కూర్చుని సంచి తయారుచేశాం. రెండు చేతులూ పాడై ఉన్నాయి కాబట్టి నేను చెప్పాను, ఆపా కుట్టింది. మందపాటి కాన్వాసు గుడ్డ. నోటికి ముప్పై హుక్కులు. అన్నీ ఒకే వైపు కాదు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. ఒక్క గుంజుతో విప్పలేరు. కాజాలు కావాలనే బిగువుగా పెట్టించాను. ఒక్కో హుక్కు విప్పాలంటే బొటనవేలికి నొప్పి పుట్టాలి. నన్ను ఏడిపించిన దానికి అంతకన్నా తక్కువ శిక్ష ఏం వేస్తాను?

రోజూ పొద్దున దీపం పెట్టాక దాన్ని సంచిలో వేసి, ఆపా లేకపోతే మా ఆయనతో ముప్పై హుక్కులూ పెట్టించి, మేకుకు తలకిందులుగా వేలాడదీసేదాన్ని. సాయంత్రం నాలుగింటికి ఖైదీతో ములాఖత్. అర అగరుబత్తి వెలిగిస్తాను. అది ఆరేదాకానే. ఫోను చేతిలోకి తీసుకోకూడదు. బల్ల మీద పడుకోబెట్టి, నేను నిలబడి, చూపుడువేలితో చూడాలి. గిరాకీలు డిజైన్ ఫోనులో పంపుతానంటే, "జైల్ల ఉంది, ఇక్కడ గియ్యి" అని సుద్దముక్క ఇచ్చేదాన్ని. మధ్యలో చెయ్యి ఫోను కోసం లేచిన ప్రతిసారీ బల్ల అంచున ఒక సుద్దగీత. మొదటి రోజు బల్ల నాలుగు వైపులా గీతలే. పెళ్ళింటి ముగ్గులాగ ఉందని ఆపా నవ్వింది.

పది రోజులు బాగానే గడిచాయి. గీతలు తగ్గాయి. కుడిచేతి నొప్పి ఇంజెక్షన్‌తో చాలా తగ్గింది. పదకొండో రోజు ఇంట్లో ఎవరూ లేరు. ముప్పై హుక్కులు విప్పే ఓపిక నాకెందుకు? టైలర్‌ను కదా. బ్లేడు తీసుకుని సంచి పక్క కుట్టు నాలుగు వేళ్ళ మేర విప్పాను. ఫోను బయటికి జారింది. రెండు గంటలు చూశాను. మళ్ళీ లోపల పెట్టి, అదే దారంతో మిషన్ మీద కుట్టేశాను. ఎవరికీ తెలియదనుకున్నాను. మళ్ళీ మర్నాడు. ఇంకా రెండు రోజులు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు పట్టలేదు, షహనాజ్ ఆపా పట్టింది.

సంచిని తిరగేసి కుట్టు మీద గోరు పెట్టి రాసింది. "యే సిలాయ్ మేరీ నై. ఈ కుట్టు నాది కాదు, నేను గింత దగ్గర కుట్టు ఎన్నడన్న వేసిన్నా? బురఖాలకు దూరం దూరం కుట్లేసే చెయ్యి నాది. ఇది నీ చెయ్యే పద్మా."

దొంగతనం చేస్తూ కూడా వంకర కుట్టు వెయ్యలేకపోయాను. తల దించుకుని ఏడ్చాను. నా మీద నాకే అసహ్యం వేసింది. కుడి మణికట్టు మళ్ళీ వెచ్చబడుతోంది. ఇంకోసారి చెడితే సర్జరీ. సర్జరీ తర్వాత పాత చెయ్యి వస్తుందో రాదో ఎవరు చెప్తారు? ఆపా సంచిని మడిచి నా ఒళ్ళో పెట్టింది. తర్వాత, "గుడ్డ ఎంత మందమున్నా నువ్వు విప్పుతవ్. నీ పనే అది. నువ్వు ఎవల్ని అడగలేవో వాని చేతికియ్యి" అంది.

పక్కనే నా బల్ల దగ్గర యాదగిరి ఈలవేస్తున్నాడు.

లేచి వెళ్ళి సంచి వాడి ముందు పెట్టాను. "యాదగిరీ, దీన్ని నీ తల మీది మేకుకు తగిలియ్యి. పోయేటప్పుడు నీ వెంట తీస్కపో, మళ్ల తే. 'మాస్టర్, నా ఫోనియ్యి' అని నేను నోరు తెరిచి అడిగితేనే ఇయ్యి. మాస్టర్ అనకపోతే నేను ఎంత మొత్తుకున్నా ఇయ్యకు."

వాడు పళ్ళికిలించాడు. "గంతేనా అక్కా? దినానికి పదిసార్లు అంటవ్ తీ."

"ఒక్కసారి అంటే నా పేరు పద్మ కాదు."

మొదటి రోజు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. ఒకసారి "మా..." అని బయటికే వచ్చేసింది. వాడు కత్తెర ఆపి, ముఖమంతా నవ్వు చేసుకుని తిరిగాడు. "మా టేపు యాడ పెట్టినవ్?" అన్నాను. టేపు నా మెడలోనే ఉంది.  ఊరికే ఎవరి మీదో ఒకరి మీద అరిచేదాన్ని. మా ఆయన తట్టుకోలేక రెండు రోజులు వాళ్ళ అన్న ఇంట్లో తిన్నాడు. కానీ ఫోను చూడాలన్న ఆశ పుట్టిన ప్రతిసారీ, వాడిని మాస్టర్ అనాల్సి వస్తుందన్న మంట అంతకన్నా పైకి లేచేది. నాలో ఉన్న ఏ మంచి గుణమూ చెయ్యలేని పని ఆ మంట చేసింది. ములాఖత్ కూడా రద్దు చేసుకున్నాను. ఐదో రోజుకు సుద్దగీతలు ఏడు. రెండో వారానికి రోజుకు ఒకటి.

ఖాళీ చేతులకు ఫిజియో అమ్మాయి పని ఇచ్చింది. వేళ్ళకు రబ్బరు బ్యాండు వేసి సాగదీయడం, మెత్తటి బంతిని పిసకడం. బంతిని పిసుకుతూ వాడి ఈల వినేదాన్ని. భలే బలం వచ్చేది.

ఏడో వారంలో డాక్టరమ్మ మళ్ళీ పిడికిలి పట్టి వంచమంది. కళ్ళు మూసుకుని వంచాను. కొంచెం లాగింది, అంతే. "నొప్పుందా?" అంది. లేదన్నాను. "నిజం చెప్తున్నవా?" అని నవ్వింది. ఈసారి నిజమే. "రోజుకు ఆరు బ్లౌజులు. పొద్దున ఎక్సర్‌సైజు చేసినంకనే కత్తెర. ఎడమకు ఇంకో నెల స్ప్లింట్" అంది. బయటికొచ్చి మా ఆయన ముందే ఏడ్చేశాను. ఈసారి ఆయనేమీ ఇవ్వలేదు, పక్కన నిలబడ్డాడు.

మర్నాడు యాదగిరి వచ్చేసరికి నేను బల్ల దగ్గర ఉన్నాను. వాడి డబ్బా తీసి కుర్చీ మీద పెట్టాను. ఎవరిదో బొటాబొటి పట్టు గుడ్డ పరిచి ఒక ముందు భాగం కత్తిరించాను. కాగితం బోర్లించాను. రెండోది కత్తిరించాను. వాడు చూస్తూనే ఉన్నాడు. ఈల లేదు. రెండు ముక్కలూ ఎదురెదురుగా పెట్టి, "రేపటి సంది రాకు" అన్నాను. మనసులో ఎంత హాయో! ఇలా అనకూడదని పెద్దవాళ్ళు చెప్తారు. ఆ రోజు మాత్రం అన్నం తీపిగా ఉంది.

వాడు సంచి తీసి నాకిచ్చాడు. పోలేదు, నిలబడ్డాడు. "అక్కా, గిట్లాంటి సంచి నాకొకటి కుట్టిస్తవా?" అన్నాడు. అప్పుడు చూశాను, కుడి మణికట్టును ఎడమచేత్తో రుద్దుకుంటున్నాడు. తను పనిచేసే ఆ ఇంకో దుకాణంలో ఫోను చూస్తూ రెండుసార్లు తప్పు కోశాడట. యజమాని ఇంకోసారైతే పొమ్మన్నాడట. శత్రువుకు నా జబ్బే వచ్చిందంటే నాకు జాలి కలగాలి. ముందు సంతోషం కలిగింది, ఆ తర్వాతే జాలి. డాక్టరమ్మ పేరు, గది ఎక్కడో చెప్పాను. సంచి కూడా కుట్టించాను. ముప్పై కాదు, అరవై హుక్కులు.

ఇప్పుడు వాడు రోజూ పనికి పోతూ ఉప్పుగూడ స్టేషన్లో దిగి ఆ సంచి నా దగ్గర పెట్టి పోతాడు. సాయంత్రం వచ్చి తీసుకుంటాడు. గుమ్మంలో నిలబడి గట్టిగా "మాస్టరమ్మా, నా ఫోనియ్యి" అంటేనే ఇస్తాను. షరతు నాదే. ఒక్కోసారి వినపడలేదని ఇంకోసారి అనిపిస్తాను.

నా కుడి బొటనవేలు బాగుంది. ఎడమది పొద్దున లేవగానే కాస్త బిగుసుకుంటుంది, వేడినీళ్ళతో సర్దుకుంటుంది. నా సంచిని మళ్ళీ వాడికే ఇచ్చాను, వాడు పనిచేసే దుకాణంలోనే ఉంటుంది. వాడి జైలు పొద్దున నా దగ్గరికి వచ్చి సాయంత్రం పోతుంది, నా జైలు మాత్రం వాడి దగ్గరే. నేను ఇప్పటిదాకా వాడిని 'మాస్టర్' అని అడగలేదు.

మీకు ఒక్కటే చెప్తాను. డబ్బాలు, తాళాలు, సంచులు మీ ఇష్టం, కానీ ఫోను ఎవరి చేతికిస్తారన్నదే అసలు సంగతి. ఎవరి ముందు చెయ్యి చాపడానికి మీకు ప్రాణం ఒప్పదో ఆ మనిషిని వెతుక్కుని ఇవ్వండి. మిమ్మల్ని ప్రేమించేవాళ్ళకు మాత్రం ఇవ్వకండి. మీరు ఏడిస్తే వాళ్ళు ఇచ్చేస్తారు.